పీరప్ప తాగి రాయలే

ఏం సదివినవ్ బిడ్డా, మల్లొక్కపారి సదువు. నిమ్మలంగ సదువు, నాకు ఎడమ చెవు ఇనరాదు, ఈ దిక్కు వచ్చి కూసో. ఆఁ. ‘పీరప్ప అనే పెయింటరు తాగిన మత్తులో రాసిన తప్పు బోర్డు వలన మన అంగడి నాలుగు వారాలు ఆగిపోయినది.’ అగో, అదే లైను. ఎవడు రాసిండు ఇది? మంజర్‌పేటకు మున్సిపాలిటీ వచ్చింది, సంబురమే. ఊరు ఎట్ల పెరిగిందో పుస్తకం అచ్చేస్తరట, అది ఇంక సంబురం. నూరు పేజీల పుస్తకంల పీరప్పకు దక్కింది ఒక్క లైను, ఆ ఒక్క లైన్ల గూడ తాగుబోతును చేసి నిలవెట్టిండ్రు. నిన్న మొన్న వచ్చి ప్లాట్లు చేసి అమ్ముకున్నోనికి ఫోటోతోని రెండు పేజీలు. రంగుల ఫోటో. నాకు కడుపుల మండుతున్నది, నువ్వేం అనుకోకు, నీ మీద గాదు. నువ్వు ఉద్యోగం చేస్తున్నవ్, రాసుకురమ్మంటే వచ్చినవ్. ఇందాక నా తాన దస్కత్ పెట్టిచ్చుకున్నవ్ గద, తాతా నాలుగు భాషల నీ పేరు రాయవా అని, రాసిస్తి గద, ఆ కాయిదం పారెయ్యకు. జాగ్రత్తగ పెట్టుకో. మాణికప్ప, పోస్టుమాన్, రిటైరు. ఎనభై ఎనిమిదేండ్లు వచ్చినయ్, చెయ్యి ఇంక వణకలే.

సరే, నా ముచ్చట ఎందుకిప్పుడు. తాగుబోతు అన్నరు గద, ఇను. పీరప్ప కల్లు ముట్టలేదు. ఈత కల్లు, తాటి కల్లు, సారా, ఏదీ ముట్టలే. పెండ్లిల్లల్ల లోటా చేతిల పెడితే పక్కోనికి ఇచ్చేటోడు. చెయ్యి ఊగితే నా బతుకు ఊగుతది తమ్మీ అంటుండె. ఆయన గీత గీస్తే సుతిలి పట్టి లాగినట్టు ఉండె. అగో, ఏదో అనబోయి ఆగినవ్. అను. మా తాత చెప్పిండు అంటవ్, అంతేనా? తెల్సు నాకు. మీ తాత ఖాజా మియా అబద్ధం ఆడెటోడు గాదు. పీరప్పనే అంగడి మైదానంల నిలవడి, అందరు ఇనంగ, ‘నేను తాగి రాసిన’ అన్నడు. మీ తాత ఇన్నడు, నేను గూడ ఇన్న. అన్నడని అయితదా బిడ్డా? మనిషి ఒక మాట అంటే ఎందుకన్నడు అని అడిగేటోడు ఒక్కడుండద్దా ఊర్లె? ఒక్కడడగలే. ఇప్పుడు పుస్తకంల ఎక్కిస్తరట.

ఆయన ఏడికెల్లి వచ్చిండు అంటే, ఎద్దుల కొమ్ములకెల్లి వచ్చిండు. నవ్వకు. ఏరువాకకు మన తెలుగోళ్లు, కన్నడమోళ్లు కొమ్ములకు రంగులేపిస్తరు, పోళాకు మరాఠోళ్లు ఏపిస్తరు. ఏడాదికి రెండుపార్లు సంచి ఏసుకోని వచ్చేటోడు. దేవణి కోడెల కొమ్ములకు ఎర్ర పట్టీ, పచ్చ పట్టీ ఏస్తుంటే సూడనీకె జనం నిలవడుతుండె. అట్ల వచ్చి వచ్చి ఇక్కడనే ఉన్నడు. ఇద్దరు పిల్లలు పోయినంక వాళ్లమ్మ దర్గల మొక్కుకుంటే పుట్టిండట, అందుకని పీరప్ప. ఏ కులం అని నువ్వు నింపే కాయిదంల ఒక గడి ఉన్నది, నేను సూసిన. అది ఖాళీగ ఇడిసిపెట్టు. ఆ రోజుల్ల గూడ అదే అడిగిండ్రు, అదే ఆయన కొంప ముంచింది, చెప్త.

అప్పుడు మంజర్‌పేట అంటే ఏముండె? బీదర్ తొవ్వ, ఉద్గిర్ తొవ్వ, జహీరాబాద్ తొవ్వ కలిసే కాడ నాలుగు గుడిశెలు, ఒక పోలీస్ ఠాణా, మా పోస్టాఫీసు, వారానికోపారి గురువారం నాడు నిండే బేస్తారం అంగడి. అంగడి తోనే పెరిగింది ఊరు. ముందుగాల పిండి పట్టే గిర్ని వచ్చింది, గిర్నికి బోర్డు కావాలె. మీ తాత హోటల్ పెట్టిండు, హోటల్‌కు బోర్డు కావాలె. గిరాకీకి నాలుగు తీర్లోళ్లు వస్తరు, ఒక్క భాషల రాస్తే మూడు తీర్లోళ్లు పక్క దుకాణంలకు పోతరు. అందుకని ప్రతి బోర్డు నాలుగు లైన్లు ఉండాలె, తెలుగు, కన్నడం, మరాఠి, ఉర్దూ. నాలుగు రాసేటోడు ఒక్క పీరప్ప. ఆయన బోర్డులు లెక్కవెడితే ఊరు ఏ సంవత్సరం ఎంత పెరిగిందో ఎరుకైతుండె. మరాఠి రాసేటప్పుడు ముందుగాల మీద గీత గీసి, దండెం కట్టిన, ఇగ బట్టలు ఆరేసుడే అంటుండె. ఉర్దూ అయితే గోడకు ఆ కొసకు నడిచిపోయి, అక్కడికెల్లి ఇటు వస్తుండె. జనం పండిత్ పీరప్ప అని పిలుస్తుండిరి. నమస్తే పండిత్ అంటే తల వంచి నవ్వుకుంట పోయేటోడు.

ఒక డాక్టరుండె. డాక్టరు గాదు, సూదులేసేటోడు. ఆయన బోర్డుకు ఏం రాయాలో రాసిచ్చిన చిట్టి మీద సిరా సుక్క పడ్డది. పీరప్ప ఆ సుక్కను గూడ రాసిండు. కొబ్బరికాయంత సుక్క, సక్కగ గుండ్రంగ, డాక్టరు పేరుకు, ఊరి పేరుకు నడుమ. డాక్టరు ఎగిరిండు, దుంకిండు, ఇదేందిరా నా పేరు మీద పెండ కొట్టినవ్ అన్నడు. పీరప్ప చిట్టి తీసి సూపెట్టిండు. ‘చిట్టిల ఉన్నది, గోడ మీద ఉన్నది. నీకు వద్దంటే చిట్టి మార్చి తే.’ అంతే. చిట్టిల ఎట్లుంటే అట్ల. ఒక సున్న ఎక్కువ పెట్టడు, ఒక కొమ్ము తక్కువ పెట్టడు. పాత చిట్టీలు అన్ని ఒక రేకు డబ్బల దాసుకుంటుండె. ఇది యాదిల పెట్టుకో బిడ్డా, దీని మీదనే ఉన్నది కత అంత.

ఎందుకు సుక్క రాసిండు? పండితుడు గద, సుక్క ఏందో అక్షరం ఏందో ఎరుక లేదా? లేదు. ఒక్క అక్షరం రాదు ఆయనకు. నాలుగు భాషలల్ల ఒక్క అక్షరం సదవరాదు. అట్ల సూడకు నా దిక్కు, నిజమే చెప్తున్న. ఎవ్వలకు చెప్పలే ఇప్పటిదాంక, నా పెండ్లానికి గూడ చెప్పలే. నాకెట్ల తెల్సింది అంటే, ఒకనాడు ఆయన పేరు మీద ఖతు వచ్చింది. నేను డ్యూటీల కొత్త, ఇరవై ఒకటి, ఇరవై రెండేండ్లోన్ని. గిర్ని గోడ కాడ ఉన్నడు, పోయి ఇచ్చిన. చేతులు తుడుసుకోని తీస్కున్నడు. తలకిందులు పట్టుకున్నడు. పట్టుకోని, అట్ల సూసుకుంట, ‘ఎంత మంచిగ రాసిండు తమ్మీ. ఈ వంపు సూడు, ఈ తోక సూడు, కలం ఎక్కడ ఆపలే’ అంటున్నడు. మొకం ఎలుగుతున్నది. నాకు ఆ ఖతుల ఉన్నది అవతలికెల్లి కనవడుతున్నది. వాళ్లమ్మ పోయిందని రాసుంది. అటెనుక ఇంక రెండు లైన్లు, దినాలకు రమ్మని, ఆ దినాలు గూడ అయిపోయినయ్. నేను ఏమనాలె? పీరన్నా, అట్ల గాదు, ఇటియ్యి అని తీస్కోని సదివిన. గోడకు ఆనుకోని కూసున్నడు. ఖతు తీస్కోని జేబుల పెట్టుకోని, ‘ఎవ్వలకు చెప్పకు’ అన్నడు. అమ్మ పోయిన సంగతి అనుకుంటున్నవా? అది గాదు, సదువు రాదన్న సంగతి.

మరి చిట్టీలు ఎవరు రాసిస్తుండిరి అని గద అడుగుతున్నవ్. ఉండెటోడు ఒకడు. తర్వాత చెప్త. ముందుగాల తహసీల్దారు సంగతి ఇను. ఊర్లు, జిల్లాలు మూడు రాష్ట్రాలకు పంచిన కొత్తల, కిష్ట జిల్లా దిక్కుకెల్లి ఒక తహసీల్దారును ఏసిండ్రు. మల్లెపువ్వు లెక్క బట్టలు, పళ్లకు అంటకుంట మాట్లాడుతడు. ఒకనాడు కచేరికి పోయి, సార్, మీ అమ్మగారి ఖతు వచ్చింది అన్న. కలం ఆపిండు. ‘ఖతు ఏమిటయ్యా? ఉత్తరం అనలేవా? ముందు తెలుగు నేర్చుకోండయ్యా, తర్వాత ఉద్యోగాలు చేద్దురు గాని.’ కచేరి అంత నవ్విండ్రు. ఏంది బిడ్డా, మా నోట్లెకెల్లి వచ్చేది తెలుగు గాదా? మా ఇంట్ల కన్నడం, అమ్మగారింట్ల మరాఠి, బడిల ఉర్దూ, బజార్ల తెలుగు, నాలుగు నేర్చుకున్నోన్ని నేను. ఆయనకు ఒక్కటి వచ్చు, నన్ను నేర్చుకోమంటడు. అరవై ఆరేండ్లాయె, ఇప్పటికి ఆ నవ్వు చెవులల్ల ఉన్నది. నా పాడు కోపం, ఏం చేస్త. కోపం లేకుంటే... సరే.

ఆ తహసీల్దారుకు అంగడి మైదానానికి సర్కారు బోర్డు పెట్టాలనిపిచ్చింది. పీరప్పను పిలిపిచ్చి కాయిదం మీద ఒక్క లైను రాసిచ్చిండు. ‘సంత మైదానం.’ మనం సంత అంటమా? అంగడి అంటం. ఆయనకు అంగడి అంటే దుకాణమట. కింద మిగిలిన మూడు భాషలు నువ్వే రాసేసుకో, పండితుడివట కదా అన్నడు. పీరప్ప కాయిదం పట్టుకోని, చిట్టి రాసిచ్చేటోని తానకు వచ్చిండు. రాసేటోడు ఏం రాయాలె? మరాఠిల బాజార్ అని రాయాలె, ఉర్దూల గూడ బాజార్ అని రాయాలె. చిన్న పోరడు గూడ అదే రాస్తడు. రాయలే. ఆ సంత అన్న మాటనే మూడు లిపులల్ల దింపిండు. కన్నడమోళ్లకు నొప్పి లేదు, సంతె అంటే వాళ్లకు అంగడే. మరాఠిల సంత్ అంటే ఏంది? సాధువు. దేవుని మనిషి. సంత్ మైదాన్. ఇగ ఉర్దూ సంగతి నీకు నేను చెప్పాల్నా తాహెరా? సీన్, నూన్, తే. జేర్ జబర్ అని కింద మీద పెట్టే గుర్తులు ఎవ్వలు పెట్టరు. సంత్ అని సదువుకోవచ్చు, సున్నత్ అని, మీ ప్రవక్త నడిచిన తొవ్వ అని సదువుకోవచ్చు. అంగట్లకు వచ్చే మియాసాబులు సంత్ అని ఎందుకు సదువుతరు?

సోమవారం నాడు బోర్డు నిలవెట్టిండ్రు. బేస్తారం అంగడి నిండింది. మరాఠి ఊర్లకెల్లి బండ్లు దిగినయ్. దిగినోళ్లు బోర్డు సూసి చెప్పులు ఇడిసిండ్రు. ఒక ముసలామె బోర్డు గుంజకు నల్ల బుక్కా పొడి పూసి దండం పెట్టింది. ఏ సంతు, ఎవల సమాధి, ఇన్నేండ్లు మనం ఎద్దులు కట్టేసింది ఈ జాగలనేనా అని లెంపలేసుకుంటున్నరు. పై వారానికి గుంజ కింద రాయి వచ్చింది, రాయికి బట్ట వచ్చింది. ఇటు మీ తాత ఖాజా మియా, హోటల్ ముంగటనే గద బోర్డు, ఉర్దూ లైను ముందుగాల సదివింది ఆయననే. సదివి చాయ్ గంటె కింద పెట్టిండు. ఎద్దుల ఉచ్చ, పెండ ఉండే జాగకు మా సున్నతు పేరు పెడ్తరా, ఎవడ్రా మా దీన్‌తోని పరాష్కాలు ఆడేది అన్నడు. ఆయనకు కోపం రావుడు తప్పు గాదు. తప్పేందంటే, ఎవరి లైను వాళ్లే సదువుకున్నరు. నీ లైన్ల ఏమున్నది, నా లైన్ల ఏమున్నది అని పక్క పక్కన పెట్టుకోని సూసుకుంటే అయిపోతుండె. మరాఠోళ్ల పెద్దమనిషి దేగాం పాటిల్ వచ్చి ఇది మా సంతు జాగ అన్నడు. మీ తాత దిక్కోళ్లు వచ్చి ఇది మా మతాన్ని ఎక్కిరిచ్చుడు అన్నరు. కట్టెలు లేసినయ్. బండ్లు బోర్ల పడ్డయ్, కోడెలు తెంపుకోని ఉర్కినయ్, మిరపకాయ కుప్పలు తొక్కుడు వడి ఊరంత దగ్గుడే. నాలుగు వారాలు అంగడి బంద్. అంగడి బందయితే మంజర్‌పేటల పొయ్యి ఏడ ఎలుగుతది?

తహసీల్దారును అడిగితే, నేను శుద్ధమైన తెలుగులో ఒక్క లైను రాసిచ్చాను, మిగతావి నాకెలా తెలుస్తాయి అన్నడు. చేతులు కడుక్కున్నడు. ఇగ మిగిలింది పీరప్ప. బోర్డు కిందికి గుంజుకొచ్చిండ్రు. పాటిల్ మనుషులు, పీర్ అని పేరుంది, వీడు తురకోడు, మన సంతుల జాగను ఎక్కిరిస్తున్నడు అన్నరు. మీ తాత మనుషులు, అప్ప అని పేరుంది, వీడు హిందువు, మన దీన్‌ను ఎక్కిరిస్తున్నడు అన్నరు. ఒక్క పేరు. దాన్ని గూడ నడిమికి ఇరిచి పంచుకున్నరు. నాలుగు వారాలల్ల రెండు దిక్కులోళ్లు ఒక్కటైంది ఆ ఒక్క దానికే, ఆయనను పట్టుకునేటందుకు. ఇది రాయవేంది నీ పుస్తకంల? మనం మనం ఒక్కటని పెద్ద పెద్ద అక్షరాలతోని రాసిండ్రు మొదటి పేజీల. దేని మీద ఒక్కటైండ్రో అది గూడ రాయమను.

పాటిల్ అడిగిండు. ‘ఎవడు రాయమన్నడు నిన్ను? చిట్టి ఏది? ప్రతి చిట్టి దాసుకుంటవట గద, తియ్యి.’ చిట్టి తీస్తే అయిపోతుండె. చిట్టి మీద చేతిరాత ఎవలిదో ఊరంతటికి ఎరుకనే, ఊరంతటికి ఖతులు రాసిపెట్టే చెయ్యి అది. పీరప్ప జేబు మీద చెయ్యి పెట్టుకున్నడు. జేబులనే ఉన్నది. జనంల ఎవలనో ఎతికిండు, కండ్లు తిప్పుకుంట వచ్చి ఒక్క కాడ ఆపిండు. ఆడ ఒకడు ఖాకీ అంగి ఏసుకోని, భుజం మీద టపా సంచితోని నిలవడి ఉన్నడు. సర్కారు నౌకరి కొత్తది, పెండ్లయి ఆరు నెలలు. నోరు తెరిస్తే నౌకరి పోతది, తన్నులు పడ్తయి. తెరవలే. సంచి పట్టీని రెండు చేతులతోని పట్టుకోని నిలవడ్డడు, కట్టె లెక్క. పీరప్ప ఆయన దిక్కు సూసి, చెయ్యి జేబు మీదికెల్లి తీసిండు. తీసి అన్నడు. ‘చిట్టి లేదు, గిట్టి లేదు. నేను తాగి రాసిన.’

ఆయన రంగే ఆయన మొకానికి పూసిండ్రు. నీల రంగు. బ్రష్షులు తీస్కపోయి పొయ్యిల పెట్టిండ్రు, ఏ పొయ్యి అంటే, మీ తాత హోటల్ పొయ్యి బిడ్డా. నువ్వు తలకాయ దించకు, మీ తాత తర్వాత చాన బాధపడ్డడు, నాకు తెల్సు, కొత్త బోర్డు రాయించలే సచ్చేదాంక. బోర్డు మీద సున్నం కొట్టిండ్రు. వచ్చే బేస్తారం అంగడి నిండింది, ఏం గానట్టు. మొకానికి రంగు పూసిన పొద్దే పీరప్ప ఉద్గిర్ తొవ్వ పట్టిండు, మొకం గూడ కడుక్కోలే, రేకు డబ్బ సంకల పెట్టుకోని. పోస్టాఫీసు ముంగటికెల్లే పోవాలె ఆ తొవ్వ. నేను కిటికి ఎనుక ఉన్న, బయటికి రాలే. ఎర్ర డబ్బా కాడ జరసేపు ఆగిండు. పోయిండు.

తెల్లారి పొద్దుగాల ఏడు గంటలకు డబ్బా తాళం తీసిన. అన్నిటి మీద ఒక మడిచిన కాయిదం. టికెట్ లేదు, అడ్రసు లేదు. ఆయనకు పేరు రాయరాదు గద. డబ్బా తీసేటోన్ని నేనొక్కన్నే అని మాత్రం తెల్సు. కాయిదానికి నీల రంగు వేలిముద్ర అంటింది. ఇప్పి సూస్తే నాలుగు లైన్లు. అవ్, బిడ్డా, నేను రాసిచ్చిన చిట్టి. తప్పు గాదు అది. బాజార్ అని రాయాలని ఎరుకనే, ఎరుక ఉండే రాసిన. సంత కావాల్నా నీకు, సంతనే తీస్కో, నాలుగు భాషలోళ్లు నవ్వుతరు నిన్ను, అప్పుడు తెలుస్తది ఎవరికి భాష రాదో అని తహసీల్దారు మీద కసితోని రాసిన. ఉర్దూ కాడికి వచ్చినంక చెయ్యి ఆగింది. ఆగింది గని రాసిన. పీరప్ప పక్కన కూసోని సూస్తుండె, మంచిగ రాసినవ్ తమ్మీ అన్నడు.

నన్ను కాపాడనీకె అన్నడా, సదువు రాదని నలుగుట్ల చెప్పుకోలేక అన్నడా, అరవై ఆరేండ్ల సంది నాకు తెగుతలేదు. ఉద్గిర్ పోయినా, లాతూరు పోయినా, యాడ చేతితోని రాసిన బోర్డు కనవడ్డా నిలవడి సూస్తుంటి. ఆయన గీత మల్ల కనవడలే. ఊరు పెరిగింది, అంగడి పెరిగింది, నాకు ప్రమోషన్ వచ్చింది, పింఛన్ వస్తున్నది. అందరి మీద ఇంత సేపు మండిపడ్డ గద, తహసీల్దారు, పాటిల్, మీ తాత, మున్సిపాలిటోళ్లు. ఎవలు రాసిండ్రు ఈ లైను అని ఒర్రిన గద. ఆ తలకాడి మెత్త కింద పెట్టె ఉన్నది, తియ్యి. కింద, ఇంక కింద. ఆఁ, అదే, నీల ముద్ర అంటిన కాయిదం. చినుగుతది, నిమ్మలంగ ఇప్పు. ఇందాక నా పేరు రాయించుకున్న కాయిదం దాని పక్కన పెట్టు. మైదానంల మ సూడు, మాణికప్పల మ సూడు. ఉర్దూ మీమ్ సూడు. రెండు ఒక్క చేతివే. కలం తియ్యి. ‘తాగిన మత్తులో’ అన్నది కొట్టెయ్యి. నేను సూస్తుంటె కొట్టెయ్యి. పీరప్ప పేరు ఉంచు. దాని పక్కన, చిట్టి రాసింది పోస్టు మాణికప్ప అని రాయి. నాలుగు భాషల రాయి.

చాయ్ సల్లారిపాయె. తాగు బిడ్డా, మా కోడలు అల్లం జర ఎక్కువేస్తది.